కడుపులో బిడ్డ, మనసులో భయం

ఇవాళ ఒక ఇంగ్లీషు నవల గురించి మాట్లాడుకుందాం. కాని ఆ నవల న్యూయార్కు నగరంలో మొదలవుతుంది. మనం మాత్రం ముందు అహోబిలం వెళ్లి, అక్కణ్ణించి న్యూయార్కు వెళ్దాం.

నంద్యాలనుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట ప్రయాణం. ఆళ్లగడ్డలో దిగి నల్లమల కొండలవైపు తిరిగితే అహోబిలం. స్తంభం, గోళ్లు, గడప, సంధ్యవేళ – ప్రహ్లాదుడి కథ మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఆళ్లగడ్డ శిల్పులు ఉగ్రనరసింహుణ్ణి చెక్కితే ఒళ్లో హిరణ్యకశిపుడుంటాడు, పక్కన చేతులు జోడించి ప్రహ్లాదుడుంటాడు. ఆ పిల్లవాణ్ణి కన్నతల్లి మాత్రం మామూలుగా ఎక్కడా కనిపించదు. ఆవిడ పేరు లీలావతి. పోతనగారి భాగవతంలో ఏడో స్కంధంలో ఆమె కథ ఉంది.

హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లినప్పుడు లీలావతి గర్భవతి. అదను చూసి దేవతలు రాక్షసులమీద పడ్డారు. ఇంద్రుడు ఈవిడను చెరపట్టి తీసుకుపోతున్నాడు. దారిలో నారదుడు ఎదురై, ఇదేం పనయ్యా అని అడ్డుకున్నాడు. దానికి ఇంద్రుడి సమాధానం ఏమిటో తెలుసా? ఈమె కడుపులో ఉన్నది రాక్షసుడి బిడ్డ, పుట్టేదాకా ఉంచుకుని, పుట్టగానే వాణ్ణి చంపి ఈమెను వదిలేస్తాను అన్నాడు. కడుపులో ఉన్నది రాక్షసుడు కాదు, పరమభక్తుడు అని నారదుడు నచ్చజెప్పాక, అదే ఇంద్రుడు ఆమె చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్లాడట. తర్వాత ఆమె నారదుడి ఆశ్రమంలో ఉండి ఆయన చెప్పిన ధర్మం విన్నది. కడుపులో పిల్లవాడూ విన్నాడు. ఆడది కావడంవల్లా, చాలాకాలం గడవడంవల్లా తల్లి అదంతా మరచిపోయిందనీ, బిడ్డకు మాత్రం గుర్తుందనీ ప్రహ్లాదుడి చేతనే చెప్పించారు! మోసినవాళ్లకు మరపు, మోయించుకున్నవాళ్లకు జ్ఞాపకమా అని నాకెప్పుడూ చిన్న అలక. సరే, అది పక్కన పెడదాం.

ఈ కథలో గమనించవలసింది ఒకటుంది. కడుపులో పెరుగుతున్నది ఏమిటో అన్న అనుమానం తల్లికి లేదు. పరాయివాళ్లకు ఉంది. ఆ బిడ్డను ఏం చెయ్యాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. వాళ్లే మనసు మార్చుకున్నారు. లీలావతిని అడిగినవాళ్లు ఎవరూ లేరు.

సరిగ్గా ఇదే అంశాన్ని తిరగేసి రాసిన నవల 'రోజ్‌మేరీస్ బేబీ'. అంటే రోజ్‌మేరీ పాపాయి. రాసినవాడు ఐరా లెవిన్ అనే అమెరికన్ రచయిత. 1967లో అచ్చయింది. మరుసటి ఏడే, 1968లో, రోమన్ పొలాన్‌స్కీ దాన్ని సినిమా తీశాడు. రోజ్‌మేరీగా మియా ఫారో వేసింది. పక్కింటి ముసలావిడ వేషం వేసిన రూత్ గోర్డన్‌కు ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ బహుమతి వచ్చింది. మన తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చదివి రాత్రి దీపం ఆర్పడానికి భయపడ్డవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవల షాపులో నిలిచేది కాదు కదండీ. అందులో చేతబడికి గురయ్యేది చిన్నపిల్ల. ఇందులో పిల్ల ఇంకా పుట్టలేదు. బాధ పడేదంతా తల్లే. తేడా అక్కడుంది.

ఇక కథ చెప్తాను. చివరిదాకా చెప్పక తప్పదు, కోప్పడకండి. ఈ నవలను ముగింపు తెలిసి చదివినా భయం తగ్గదు.

రోజ్‌మేరీ, గై అని కొత్త దంపతులు. అతను నాటకాల్లో, టీవీ ప్రకటనల్లో వేషాలు వేసుకునే నటుడు, ఇంకా పేరు రాలేదు. బ్రామ్‌ఫోర్డ్ అనే పాత పెద్ద భవనంలో వాటాకు దిగుతారు. ఆ ఇంటికి మంచి పేరు లేదు, వెళ్లవద్దు అని హచ్ అనే పెద్దాయన చెప్తాడు. రోజ్‌మేరీకి అతను తండ్రిలాంటివాడు. ఇల్లు నచ్చింది కదా, వెళ్తారు. పక్క వాటాలో మిన్నీ, రోమన్ అని ముసలి దంపతులు. మిన్నీని మీరు చూసే ఉంటారు. మన వీధిలో కూడా ఉంటుంది. తలుపు కొట్టకుండానే లోపలికి వస్తుంది, కుర్చీ ధర అడుగుతుంది, గిన్నెలో ఏదో ఒకటి పెట్టి పంపుతుంది, పంపినది తిన్నావా లేదా అని మళ్లీ వచ్చి చూస్తుంది. ఆవిడ ప్రేమను కాదనడానికి మొహమాటం అడ్డొస్తుంది.

ఇంతలో గైకి రావలసిన వేషం దక్కించుకున్న ఇంకో నటుడికి హఠాత్తుగా కళ్లు పోతాయి. వేషం గైకి వస్తుంది. ఆ తర్వాతే గై తనంతట తను, మనకో బిడ్డ కావాలి అంటాడు. ఆ రాత్రి భోజనంలో మిన్నీ పంపిన చాక్లెట్ తీపి ఉంటుంది. అడుగున సుద్దముక్క రుచి తగిలిందని రోజ్‌మేరీ వద్దంటుంది. పాపం ముసలావిడ చేసి పంపింది, తిను అని గై పోరుతాడు. కొంచెం తిని మిగతాది గుడ్డలో దాచేస్తుంది. తర్వాత మత్తు, ఘోరమైన కల. తెల్లవారి చూసుకుంటే ఒంటిమీద గీతలు. అది నేనేలే అని గై చాలా మామూలుగా చెప్తాడు. నిద్రలో ఉన్న భార్య ఇష్టం అడగాలన్న ఆలోచన అతనికి తట్టదు. నన్నడిగితే నవలలో మొదటి దయ్యం అక్కడే కనిపించింది, కొమ్ములు లేకుండా.

నెల తప్పింది. ముందు ఆమెను చూసినవాడు హిల్ అనే యువ డాక్టరు. పక్కింటివాళ్లు ఆయన్ను మాన్పించి, సేపర్‌స్టైన్ అనే చాలా పేరున్న పెద్ద డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆయన మొట్టమొదట చెప్పే మాటలు గుర్తుపెట్టుకోండి: పుస్తకాలు చదవవద్దు, స్నేహితురాళ్ల మాటలు వినవద్దు, ఏ ఇద్దరి గర్భమూ ఒకలా ఉండదు, ఏదైనా ఉంటే నాకే చెప్పు. మాత్రలు వద్దు, మిన్నీ రోజూ మూలికలతో చేసిచ్చే పానీయం తాగు. కడుపులో తీవ్రమైన నొప్పి మొదలవుతుంది. రెండు రోజుల్లో పోతుంది అంటాడు. వారాలు, నెలలు గడుస్తాయి. బరువు పెరగవలసినది తగ్గిపోతుంది, ముఖం పీక్కుపోతుంది, పచ్చిమాంసం తినాలనిపిస్తుంది. ఒక విందులో ఆమె తోటి ఆడపిల్లలు ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లి, మగవాళ్లను రానివ్వకుండా, ఇది మామూలు నొప్పి కాదు, వేరే డాక్టరుకు చూపించుకో అని గట్టిగా చెప్తారు. నవల మొత్తంలో నాకు నచ్చిన చోటు ఆ వంటిల్లే. గై ఒప్పుకోడు. సేపర్‌స్టైన్ నొచ్చుకుంటాడు అంటాడు. అలా వాదించుకుంటుండగానే నొప్పి ఆగిపోతుంది, బిడ్డ కదులుతుంది. ఆమె అన్నీ మరచిపోతుంది.

ఆ విందుకు ముందే స్పృహ కోల్పోయిన హచ్, కొన్నాళ్లకు చనిపోతాడు. పోతూ పోతూ ఆమెకొక పుస్తకం చేర్పిస్తాడు. అందులోని పేర్ల అక్షరాలు కలిపి విడదీసి చూస్తే, పక్కింటి రోమన్ సైతానును పూజించే కుటుంబంవాడని తేలుతుంది. భర్త, డాక్టరు, పక్కిల్లు – అందరూ ఒకటే. నిండు చూలాలు ఎండలో వీధుల వెంట పరుగెత్తి, ఒక టెలిఫోను గదిలో నిలబడి హిల్ డాక్టరును బతిమాలుకుంటుంది. ఆయన సాంతం వింటాడు. పడుకోమ్మా, నేను ఏర్పాటు చేస్తాను అంటాడు. ఆమె నిశ్చింతగా నిద్రపోతుంది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా భర్త, సేపర్‌స్టైన్. హిల్ మంచివాడే. ఆమెకు మతి చలించిందనుకున్నాడు. అనుకున్నాక, ఆమెనే ఒక్కమాట అడగకుండా వాళ్లను పిలిపించాడు. కాన్పు అవుతుంది. బిడ్డ పోయిందంటారు. గోడ అవతల ఏడుపు వినిపిస్తుంది. అలమారు వెనకనుంచి దారి చేసుకుని, కత్తి పట్టుకుని పక్కింట్లోకి వెళ్తే నల్లటి ఉయ్యాల. బిడ్డ తండ్రి గై కాదు. సైతాను.

లెవిన్ నేర్పు ఎక్కడుందంటే, అతడు రోజ్‌మేరీని వదిలి ఒక్క అడుగు పక్కకు వెయ్యడు. ఆమె చూసినదే మనం చూస్తాం, ఆమెకు తెలియనిది మనకూ తెలియదు. అందువల్ల ముప్పాతిక పుస్తకం దాకా ఇది కుట్రా, గర్భిణి మనసులో పుట్టిన అనుమానమా అని తేల్చుకోలేం. భయపెట్టే వస్తువు కనిపించాక ఉండే భయం కంటే కనిపించకముందు ఉండేదే ఎక్కువ. అలాంటప్పుడు తొమ్మిది నెలలు కనిపించకుండా పెరిగే బిడ్డకంటే భయపెట్టే వస్తువేముంటుంది – ఈ ఆలోచన ఏదో ఉపన్యాసం వినకుండా కూర్చున్నప్పుడు తట్టిందని లెవిన్ తర్వాత చెప్పుకున్నాడు. కథను నమ్మించడానికి ఆ నాటి నిజమైన సంఘటనలే వాడుకున్నాడు. 1965 అక్టోబరులో పోపుగారు న్యూయార్కు వచ్చిన రోజు రాత్రే ఆమెకు ఆ కల వస్తుంది. బిడ్డ 1966 జూనులో పుడతాడు.

దయ్యాల సంగతి ఎలా ఉన్నా, డాక్టరు మాట నమ్మి చెడిన తల్లులు ఆ దశాబ్దంలో నిజంగా ఉన్నారు. థాలిడోమైడ్ అని ఒక మందు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చింది. ఏ హానీ లేదు, వేవిళ్లకు కూడా వాడుకోవచ్చు అన్నారు. 1961 చివర దాన్ని వెనక్కి తీసుకునేసరికి ప్రపంచంలో సుమారు పదివేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. అమెరికాలో మాత్రం ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి, ఆధారాలు చాలవు అని కంపెనీ ఎంత ఒత్తిడి పెట్టినా అనుమతి ఇవ్వలేదు. ఒక ఆడమనిషి అనుమానం ఎంతమందిని కాపాడిందో చూడండి. ఆ తర్వాత ఆరేళ్లకు ఈ నవల వచ్చింది. గ్లాసులో ఏముందో చెప్పకుండా తాగమంటే ఆనాటి పాఠకురాలికి వెన్ను జలదరించడంలో వింతేముంది?

మరి మన గ్లాసులో ఏముంది? మన ప్రాంతంలోనూ ఇంకా కొన్నిచోట్ల, నెల తప్పగానే మగపిల్లాడు పుట్టడానికని పొట్లం కట్టిచ్చే మందులున్నాయి. పేరుండదు, ఎందులో ఏం కలిపారో ఉండదు. అత్తగారు ప్రేమగానే ఇస్తుంది, కోడలు మొహమాటంగానే మింగుతుంది. పుట్టేది ఆడో మగో గర్భం నిలిచిన క్షణానే తేలిపోయింది, అదీ తండ్రి బీజాన్నిబట్టి. తర్వాత ఏ పొడీ దాన్ని మార్చలేదు. బిడ్డకు హాని చెయ్యడం మాత్రం చెయ్యగలదు. రెండో నెల, మూడో నెల అంటే బిడ్డ అవయవాలు ఏర్పడే కాలం కదా. అదే చేత్తో సర్కారు ఇచ్చే ఐరన్ మాత్ర వేడి చేస్తుందని పారేస్తాం! మన దేశంలో గర్భిణుల్లో సగంమందికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పచ్చిబియ్యం, బలపం, మట్టి తినాలనిపిస్తే నవ్వుకోకుండా రక్తపరీక్ష చేయించండి. చాలాసార్లు దాని వెనక ఇనుము లోపమే ఉంటుంది.

రోజ్‌మేరీకి లేనిది, మనకున్నది ఒకటుంది – పుట్టిల్లు. ఆమె పుట్టినింటివాళ్లు దూరాన ఒమాహాలో ఉన్నారు, పెళ్లి వాళ్లకు ఇష్టం లేదు, రాకపోకలు లేవు. ఆళ్లగడ్డ పిల్లను నంద్యాలలో ఇచ్చారనుకోండి. సీమంతం చేసి, గాజులు తొడిగి, తల్లిగారింటికి తీసుకుపోతారు. అక్కడ అక్కా, వదినా, పక్కింటి పెద్దమ్మా చుట్టూ చేరతారు. ఆ వంటింటి సభ మనకు ఆచారంగానే దొరుకుతుంది. చిక్కెక్కడంటే, మన పెద్దవాళ్లు కూడా ఒక్కోసారి సేపర్‌స్టైన్‌లా మాట్లాడతారు. "ఏం కాదులే పిల్లా, మేం ఐదుగుర్ని కనలేదా? ఇంత నొప్పికే డాక్టరంటే ఎట్లా?" అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా విడవకుండా తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు, రక్తం కనిపించడం, కడుపులో ఆగని నొప్పి, ఏడో నెల దాటాక బిడ్డ కదలిక తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఆళ్లగడ్డ ప్రభుత్వాసుపత్రి ఉంది, నంద్యాలలో పెద్దాసుపత్రి ఉంది. రాత్రయితే 108కి ఫోను చెయ్యండి. ఒక డాక్టరు ఏం లేదన్నా మనసు ఒప్పుకోకపోతే ఇంకొకరికి చూపించుకోవడం తప్పు కాదు. డాక్టరు నొచ్చుకుంటాడేమో అన్న బాధ మనకెందుకు?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నవలలో పక్కింటివాళ్లు నిజంగానే మంత్రగాళ్లు. అది కథ. మన ఊళ్లలో చేతబడి అనుమానంతో జరిగే ఘోరం దీనికి సరిగ్గా ఎదురుదిశలో ఉంటుంది. గర్భం నిలవకపోతే, బిడ్డ దక్కకపోతే, వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మమీద, పిల్లల్లేని ఆడదానిమీద వేలు చూపిస్తారు. కొట్టినవాళ్లున్నారు, చంపినవాళ్లున్నారు. మిన్నీలాంటి పక్కింటావిడ గిన్నె పంపితే అందులో ఉండేది బొబ్బట్టే కాని విషం కాదు. రుచి నచ్చకపోతే వద్దనండి, అంతే.

ఇంకొక సంగతి, ఇది చాలామందికి తెలియదు. కాన్పయిన తర్వాత మొదటి రెండు వారాల్లో, వెయ్యిమందిలో ఒకరిద్దరికి తీవ్రమైన మతిచలనం వస్తుంది. రోజుల తరబడి నిద్ర ఉండదు, అయినా అలసట తెలియదు. మాటలు తెగకుండా వస్తాయి. భర్తమీద, అత్తమీద, నర్సుమీద అనుమానం. ఈ బిడ్డ నా బిడ్డ కాదు, మార్చేశారు, వీడు దయ్యం లేదా దేవుడు అని కూడా అంటుంది. అంటే రోజ్‌మేరీ మాటలే, అక్షరాలా! ఇది గాలి సోకడం కాదు, ఆ పిల్ల కావాలని చేసేదీ కాదు. కాన్పుతో ఒంట్లో వచ్చే పెద్ద మార్పులకు, నిద్రలేమికి మెదడు తట్టుకోలేకపోవడం. ఇంతకుముందు మానసిక జబ్బు ఉన్నవాళ్లకు, ఇంట్లో తల్లికో అక్కకో వచ్చినవాళ్లకు ఎక్కువ వస్తుంది. మన దగ్గర చాలామంది దీన్ని చూసి ముందు తాయెత్తు కట్టిస్తారు, వేపమండలతో కొట్టిస్తారు. ఆ రోజులు పోగొట్టుకోకూడదు. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. వెంటనే ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించాలి. మందులతో చాలామంది కొద్ది వారాల్లోనే కోలుకుంటారు. తర్వాత ఆ బిడ్డనే కళ్లలో పెట్టుకుని పెంచుకుంటారు. ఇది కాక ఊరికే ఏడుపు రావడం, దేనిమీదా మనసు లేకపోవడం, ఎందుకు కన్నానా అనిపించడం – ఈ దిగులు మన దేశంలో బాలింతల్లో అయిదుగురిలో ఒకరికి ఉందని అంచనా. 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఏ వేళ ఫోను చేసినా డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

అయితే ఒక పిల్ల ఇలా అనుమానాలు చెప్తున్నప్పుడు నిజమేదో, జబ్బేదో మనమెలా తెలుసుకోవాలి అంటారా? తెలుసుకునే పని మనది కాదు, వైద్యులది. మనం చెయ్యవలసినది హిల్ చెయ్యనిది. అప్పటికప్పుడు భర్తకు ఫోను చెయ్యకుండా, నీకు ఎవరు తోడుండాలి, ఎక్కడ ఉంటే ధైర్యంగా ఉంటుంది అని ఆమెనే అడగడం. మంత్రాల మాట అబద్ధం కావచ్చు. కాని ఆ మాటల్లోనే నొప్పి ఉంది, బరువు తగ్గడం ఉంది, నా ఇష్టం లేకుండా జరిగింది అన్న ఫిర్యాదు ఉంది. ఒకటి నమ్మశక్యంగా లేదని మిగతావన్నీ తోసెయ్యకూడదు.

నెలలతో ఉన్నవాళ్లు ఈ పుస్తకం చదవొచ్చా అని మీలో కొందరికి సందేహం వచ్చే ఉంటుంది. చదివితే బిడ్డకేమీ కాదు. గ్రహణం చూస్తే గ్రహణమొర్రి వస్తుందన్న మాటలాంటిదే అదీను. నిద్ర పట్టదనుకుంటే మాత్రం పురుడు అయ్యాక చదవండి.

చివర్లో ఏమవుతుందో చెప్పలేదు కదూ. కత్తి చేజారిపోతుంది. చుట్టూ చేరినవాళ్లంతా బిడ్డను ఏడ్రియన్ అని పిలుస్తుంటారు. ఉయ్యాల ఎవరో తప్పుగా, మరీ వేగంగా ఊపుతుంటే బిడ్డ ఏడుస్తాడు. రోజ్‌మేరీ దగ్గరికి వెళ్తుంది, చూస్తుంది, నెమ్మదిగా ఊపుతుంది. వాడి పేరు ఏడ్రియన్ కాదు, ఆండ్రూ అంటుంది. తొమ్మిది నెలలూ తినమన్నది తిని, తాగమన్నది తాగిన ఆ పిల్ల, పేరు దగ్గర మాత్రం ఎవరి మాటా వినదు. వాళ్లే ఒప్పుకుంటారు.